గోడమీది గోధుమ మరక

వర్షర్తువు ప్రవేశించి నాలుగు జల్లులు కురియగనే మన ఇండ్లలో ఒక చిన్న సంభాషణ జరుగుట పరిపాటి. ఇల్లాలు గోడమూలకు వేలు చూపి "అదిగో, మరల బూజు పట్టినది" అనును. ఇంటి యజమాని తల యెత్తి చూచి "సంక్రాంతికి సున్నము వేయింతములే" అనును. అంతటితో ఆ సంగతి సంక్రాంతివరకు మూలబడును. మా ఇంట ఈ సంభాషణ వరుసగా మూడేండ్లు జరిగినది. ఆ మూడేండ్లలో మేము చేసిన పొరపాటును, దానివలన నేర్చుకొన్న కొన్ని విషయములను శ్రోతలకు తెలుపుటకే ఈ ప్రసంగము.

ముందుగా ఒక మాటను గూర్చి చెప్పవలెను. తెలుగున బూజు అను పదమునకు రెండర్థములున్నవి. సాలెగూళ్లకు దుమ్మంటుకొని పైకప్పునుండి వ్రేలాడునదియు బూజే. ఆవకాయ జాడీలో తడిగరిటె పెట్టిన పదిదినములకు పైన తెల్లగా తేలునదియు బూజే. మొదటిదానికి బూజుకర్ర చాలును. రెండవది జీవము గలది; శాస్త్రజ్ఞులు దానిని శిలీంధ్రమందురు. పేరొకటే యగుటచేత చికిత్సయు ఒకటే అనుకొని, గోడమీది శిలీంధ్రమును గూడ మనము చీపురుతో పొడిపొడిగా దులిపివేయుచున్నాము. దులిపినపుడు రాలునది వట్టి ధూళి కాదు. కంటికి ఆనని సిద్ధబీజములు వేలకొలది గాలిలోనికి లేచి, గదియంతట పరచుకొని, మన ముక్కుపుటములలోనికిని, ప్రక్కనున్న బట్టలమీదికిని చేరును. ఒక మూలనున్న దానిని నాలుగు మూలలకు పంచిపెట్టినట్లగును.

ఈ సిద్ధబీజములు లేని గాలి లేదు. ఏ ఇంటనైనను ఇవి ఎల్లప్పుడు తిరుగాడుచునే యుండును. వాటికి కావలసినవి మూడు: కొంచెము వెచ్చదనము, కొంచెము ఆహారము, తగినంత తేమ. వెచ్చదనమునకు మన దేశమున కొదువ లేదు. ఆహారమందురా, కాగితము, కొయ్య, గంజిబట్ట, తోలు, రంగులలో కలుపు జిగురు, తుదకు గోడమీది దుమ్ముకూడ చాలును. కాగా మన చేతిలోనున్నది తేమయొక్కటే. తడిసిన వస్తువును ఒకటి రెండు దినములలో పూర్తిగా ఆరబెట్టగలిగినచో సాధారణముగా శిలీంధ్రము పట్టదు. ఆ గడువు దాటినదా, ఎన్ని మందులు పూసినను ప్రయోజనము స్వల్పమే.

అయితే గోడమీద గోధుమవన్నెలో కనబడినదంతయు శిలీంధ్రము కాదు. ఇక్కడనే ఎక్కువమంది పొరబడుదురు, మేమును పొరబడితిమి. కావున మరక కనబడగనే గుడ్డయు నీళ్లును తెచ్చుకొనక, దానిని కొంచెముసేపు నిదానించి చూడుడు.

మరక మధ్యభాగము లేతగాను, అంచు ముదురుగాను ఉండి, చెరువుగట్టువలె వంకరలు తిరిగియున్నచో అది నీటిమరక. పైకప్పులోనో గోడలోనో నీరు దిగి, ఇటుకలయందును సిమెంటునందును ఉన్న లవణములను, మట్టిరంగును కరగించుకొని వచ్చును. నీరు అంచులవద్ద త్వరగా ఆరిపోవుటచే తెచ్చినదంతయు అక్కడ వదలిపోవును. అందుకే అంచు ముదురు. ఒకదానిలోపల నొకటిగా రెండు మూడు అంచులున్నచో నీరు ఒక్కమారుగాక పలుమారులు దిగినదని అర్థము. చెట్టుకాండమునందలి వలయములవలె ఆ మరక తన వయస్సును తానే చెప్పును.

నారింజవన్నె కలిసిన గోధుమరంగు చారయై, ఒక మేకునుండియో, కిటికీ ఊచనుండియో, కుళాయి క్రిందినుండియో బయలుదేరినచో అది తుప్పు. పైకప్పులో ఇనుపకమ్మీల వెంబడి బారుగా ఇట్టి చారలు కనబడి, సిమెంటు పెచ్చులు ఊడుచున్నచో అది శుభ్రపరచు పని కాదు. కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును చీల్చుచున్నవని గ్రహించి ఇంజనీరును పిలువవలెను. బోరుబావినీటిలో ఇనుము ఎక్కువగా నున్న ఊళ్లలో స్నానపుగది పలకలమీదను, తెల్లని పంచెలమీదను పట్టు ఎరుపు గోధుమరంగుకూడ ఈ జాతిదే.

వంటయింట పొయ్యికి ఎగువను అంటుకొని జిగటగా వ్రేలికి తగులునది నూనెపొగ. గోరువెచ్చని నీటిలో చాకలిసోడా కలిపి తుడిచినచో వదలును. నేలనుండి గోడమీదికి సన్నని మట్టిచారగా ప్రాకి, గోటితో గీకినచో బోలుగా విరుగునది చెదల దారి. దానిని తుడిచి సంతోషింపరాదు, తలుపుచట్రములను తట్టి చూడవలెను. గోడ అడుగున తెల్లగా పొడి లేచి, నీరు చిలికిన కరగిపోవునది ఉప్పు. దానిని మనవారు చవుడు పట్టుట యందురు. ఉప్పు నీటిలో కరగును, శిలీంధ్రము కరగదు. ఈ రెంటికిని భేదము తెలియుటకు ఇంతకంటె సులభోపాయము లేదు.

మరియొక గోధుమ మరకను గూర్చి ప్రత్యేకముగా హెచ్చరింపవలసియున్నది. విద్యుత్తు ప్లగ్గు చుట్టును, స్విచ్చుబోర్డు అంచునను గోధుమరంగు కమ్మినచో అది తేమయు కాదు, బూజును కాదు. లోపల తీగ వదులై వేడెక్కి ప్లాస్టిక్కు కమలుచున్నది. తడిగుడ్డతో దానిని తుడువబోవుట ప్రాణాపాయము. మెయిన్ స్విచ్చు ఆపి, పనివానిని పిలిపించువరకు ఆ ప్లగ్గును ముట్టరాదు. గోడతేమ స్విచ్చుబోర్డువరకు ప్రాకివచ్చినను ఇదే జాగ్రత్త.

ఇవేవియు కానిది, చుక్కలు చుక్కలుగా మొదలై గుండ్రముగా పెరుగుచు, దగ్గరనుండి చూచిన నూగువలె గాని మసివలె గాని కనబడుచు, ముక్కిన బియ్యపు వాసన వేయునది శిలీంధ్రము. భూతద్దమున్నచో సన్నని పోగులు కనబడును. నీటిలో పలుచన చేసిన బ్లీచింగు ద్రవము ఒక చుక్క వేసినపుడు ఒకటి రెండు నిమిషములలో మరక వెలిసినచో శిలీంధ్రమే కావచ్చును. వెలియనిచో దుమ్మో తుప్పో అయియుండును. ఇది తెల్లగోడకే పనికివచ్చు పరీక్ష. రంగుగోడమీద రంగే వెలిసిపోవును. వన్నెనుబట్టి దాని జాతిని నిర్ణయింపవలెనని కొందరు తొందరపడుదురు. క్లాడోస్పోరియమ్, ఆల్టర్నేరియా అను జాతులు గోధుమ నలుపు వన్నెలలో ఇండ్లలో తరచుగా కనబడునవే. కాని ఒకే జాతి వయస్సును బట్టియు, తినుచున్న పదార్థమును బట్టియు వన్నె మార్చును. జాతి తెలిసినను తెలియకున్నను చేయవలసిన పని ఒక్కటే గనుక ఆ చర్చ మన ఇండ్లలో అనవసరము.

ఇక మా ఇంటి సంగతి. మా తల్లిగారి గదిలో పడమటిగోడకు ఆనించి ఒక ఇనుప బీరువా యుండెడిది. దాని ప్రక్కన అరచేతి వెడల్పున ఒక గోధుమ మరక బయలుదేరినది. వానలలో కనబడినది గనుక వాననీరే అని తీర్మానించితిమి. సంక్రాంతికి సున్నము వేయించితిమి; మరక మాయమైనది. మరుసటి యేడు మరల వచ్చినది, మరల వేయించితిమి. మూడవయేట మేస్త్రీ మాటవిని ఖరీదైన ప్లాస్టిక్ పెయింటు పూయించితిమి. అది ఆరు నెలలకే అప్పడమువలె పొంగి ఊడినది. ఈలోపల మా తల్లిగారికి రాత్రులందు దగ్గు, పిల్లికూతలు ఎక్కువైనవి. వయస్సని మేమనుకొంటిమి, చలియని ఆమె యనుకొనెను. ఇంటికి వచ్చి పరీక్షించిన వైద్యుడు ఛాతీని చూచిన తరువాత గదిని చూచి, "ఆ బీరువా ఒకమారు జరిపింపుడు" అనెను. జరిపినప్పుడు గోడమీద కనబడినది అరచేతి వెడల్పు కాదు; మనిషి యెత్తున గోధుమ నలుపుల దుప్పటి పరచినట్లున్నది. బీరువాలో అడుగుననున్న మా తండ్రిగారి ఉత్తరముల కట్ట ఒకదానికొకటి అంటుకొని ముద్దయైనది. సగము చదువుటకైనను వీలులేకపోయినది.

అప్పుడు మాకు బోధపడినదేమనగా, మరకను తుడుచుటకు ముందు నీరెక్కడిదో కనుగొనవలెను. దీనికి యంత్రము లక్కరలేదు. మరక అంచువెంబడి పెన్సిలుతో గీత గీసి, ప్రక్కన తేదీ వేయుడు. వాన కురిసిన మరునాడు గీత దాటినచో పైకప్పునో, బయటిగోడనో శంకింపవలెను. వానలతో పనిలేక అన్ని కాలములందును పెరిగినచో గోడలోని గొట్టమును శంకింపవలెను. నేలనుండి సుమారు మూడడుగుల యెత్తువరకు గోడపొడవునను సమానముగా నున్నచో పునాదినుండి తేమ ఎక్కుచున్నది. మరియొక పరీక్ష గలదు. వంటయింట వాడు అల్యూమినియము రేకును జానెడు ముక్క కత్తిరించి, గోడకు నాలుగంచులును గట్టిగా అంటించి, రెండు దినములుంచుడు. రేకు లోపలివైపు చెమర్చినచో తేమ గోడలోనిది. గదివైపు చెమర్చినచో గాలిలోనిది. మా గోడపై ఏప్రిల్ నెలలో, ఆకాశమున మబ్బుతునక లేనినాడు, మరక గీతను రెండంగుళములు దాటినది. గోడ ఆవలివైపున స్నానపుగది. పలకలు తీయించి చూడగా కుళాయిగొట్టము అతుకువద్ద చెమరించుచు కనబడినది. అతుకు మార్చుటకైన ఖర్చు మూడుమారుల సున్నము ఖర్చులో పదవవంతైనను లేదు.

సున్నమును నిందించుట మా ఉద్దేశము కాదు. అప్పుడే వేసిన సున్నమునకు క్షారగుణ మెక్కువ. దానిపై శిలీంధ్రము నిలువజాలదు. పెద్దలు ఏటేట సున్నము వేయించుటలో అందము మాత్రమే గాక ఆరోగ్యమును కలదు. కాని గాలిలోని బొగ్గుపులుసువాయువుతో కలిసి సున్నము మెల్లమెల్లగా సుద్దగా మారును, క్షారగుణము తగ్గును. అందులో పట్టుకొరకు జిగురు కలుపుటచే శిలీంధ్రమునకు భోజనముకూడ అమరును. అయినను సున్నపుగోడ తడిని పీల్చి మరల గాలికి విడువగలదు. ఈనాటి సిమెంటు గోడకు ప్లాస్టిక్ పెయింటు పూసినపుడు లోపలి తేమ బయటకు వచ్చు దారి మూసికొనిపోవును. పైగా నేటి ఇండ్లలో కిటికీలు మూసి శీతలయంత్రము నడుపుచున్నాము. బయటిగోడకు బీరువాలు ఆనించుచున్నాము. గదిలోనే తడిబట్టలు ఆరవేయుచున్నాము. పూర్వపు పెంకుటిండ్లలో గాలికి తెలియని మూల లేదు. బీరువాను గోడకు నాలుగంగుళములు ఎడముగా నుంచుట ఎవరికైనను సాధ్యమే.

నీరు ఆగిన తరువాత శుభ్రపరచు పని. మరక మూడడుగుల చదరమునకు మించనిచో ఇంటివారే చేసికొనవచ్చును. మించినచో, లేక మురుగునీటివలన వచ్చినచో, తెలిసిన పనివారికి అప్పగించుట మేలు. ఉబ్బసము గలవారిని, పసిపిల్లలను, వృద్ధులను ఆ పూట వేరు గదికి పంపవలెను. కిటికీలు తెరచి, పంకా ఆపి, చేతులకు రబ్బరు తొడుగులును, ముక్కునోళ్లకు ఎన్ 95 మాస్కును, కండ్లకు అద్దములును ధరింపుడు. పైటచెంగు ముక్కునకు చుట్టుకొనుట చాలదు. ముందుగా మరకమీద నీరు సన్నగా చిలికి తడుపుడు. తడిసిన సిద్ధబీజములు ఎగురవు. తరువాత సబ్బునీటితో రుద్ది, మంచినీటితో తుడిచి, ఆ దినమే పూర్తిగా ఆరబెట్టుడు. తుడిచిన గుడ్డలను సంచిలో మూటగట్టి పారవేయుడు. చచ్చిన శిలీంధ్రముకూడ ఊపిరికి చెరుపు చేయగలదు గనుక మందుచల్లి చంపి ఊరకుండుట చాలదు, తుడిచివేయవలెను. తేమగల ఇండ్లకును ఉబ్బసము మొదలగు శ్వాసవ్యాధులకును గల సంబంధమును ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకములలో స్పష్టముగా చెప్పినది.

పలకలు, గాజు, ఇనామిల్ వంటి నునుపైన వాటిపై కావలసినచో బ్లీచింగు ద్రవము వాడవచ్చును. లీటరు నీటికి 60 మిల్లీలీటర్లకు మించరాదు. గోడగార, కొయ్య వంటి పీల్చుకొను వాటిపై అది పైపైననే నిలుచును. అందులోని నీరు మాత్రము లోపలికి దిగి శిలీంధ్రమునకే దాహము తీర్చును. తుప్పుమరకపై బ్లీచింగు వేసినచో మరక మరింత ముదురును. తుప్పునకు నిమ్మరసమును ఉప్పును వేసి ఎండనుంచుట మన ఇండ్లలో ఎరిగినదే.

ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన చెప్పితిమి గనుక వెంటనే మూడవది చెప్పవలసియున్నది. బ్లీచింగును, పులుసుగల యే వస్తువును ఒకేచోట కలుపరాదు. నిమ్మరసముగాని, వినిగరుగాని, ముఖ్యముగా మరుగుదొడ్లకు వాడు యాసిడుగాని. కలిపినచో క్లోరిన్ వాయువు వెలువడును. 1915 ఏప్రిల్ 22న బెల్జియములో ఈప్ర్ వద్ద జర్మను సైన్యము శత్రువులపై వదలినది ఈ వాయువునే. విశ్వవిద్యాలయమున నాలుగక్షరములు నేర్చిన మేము స్వయముగా ఒక ఆదివారమునాడు స్నానపుగది నేలపై బ్లీచింగు పౌడరు చల్లి, మరక పోలేదని పైన యాసిడు పోసితిమి. ఆకుపచ్చని వాసన యని యొకటి యుండునని అంతకుముందెరుగము. గొంతు పట్టుకొని బయటపడి, ఆ రోజంతయు దగ్గుచు, మైక్రోఫోను ముందునకు పోలేక సహోద్యోగిని వేడుకొనవలసి వచ్చినది. తలుపు మూసియుండినచో ఏమయ్యెడిదో. రెండు సీసాలును ఒకే గూటిలో నుంచు అలవాటు చాల ఇండ్లలో కలదు. ఈ ప్రసంగము చదివిన వెంటనే వాటిని వేరుచేయ గోరుచున్నాము. అమ్మోనియా కలిసిన అద్దములు తుడుచు ద్రవములుకూడ బ్లీచింగుతో పొసగవు.

బట్టల విషయమున ఒక్క మాట. నూలుచీరలు గంజితోనే మడిచి పెట్టెలో నుంచినచో మడతలవెంట గోధుమచుక్కలు పట్టును. గంజి శిలీంధ్రమునకు ఇష్టభోజనము. వానకాలమునకు దాచు బట్టలకు గంజి తీసివేయవలెను. పట్టునకును ఉన్నికిని బ్లీచింగు తగలరాదు, పోగులు చీకిపోవును. వేపాకు, కర్పూరము పురుగులను తోలునేగాని తేమను పీల్చవు. పాతపుస్తకముల పుటలపై గోధుమచుక్కలు కొంత శిలీంధ్రమువలనను, కొంత కాగితములోని ఇనుపరేణువులవలనను వచ్చును. వాటిని పోగొట్టబోయి పుటను పోగొట్టుకొనుటకంటె, మెత్తని కుంచెతో దులిపి, గాలి యాడు అరలో నిలిపి యుంచుట ఉత్తమము. దులుపు పని మాత్రము ఇంటిలో గాక ఆరుబయట చేయవలెను. మా వృత్తిలో పాతశబ్దముల టేపులకును ఇదే వ్యాధి. చుట్ట అంచున తెల్లని నూగు కనబడిన టేపును శుభ్రపరచకుండ యంత్రముపై ఎక్కింపరు. ఎక్కించినచో ఆ నూగు యంత్రమునకు, దానినుండి తరువాతి టేపునకు ప్రాకును. ఒక టేపు ముద్దయైనదన్న వార్త విన్నపుడెల్ల మాకు మా తండ్రిగారి ఉత్తరములు జ్ఞప్తికి వచ్చును.

వరదనీరు చొచ్చిన ఇండ్ల సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్ మొదలైన పేటలు కొన్ని దినములు నీట నుండెను. అట్టి చోట రెండు దినములను మించి మురుగునీట నానిన దూదిపరుపును దాచుకొనరాదని శాస్త్రము చెప్పును. పెండ్లినాటి పరుపును వీధిలో పారవేయుట ఎంత కష్టమో మేమెరుగుదుము. పేదయింట అది కష్టము మాత్రమే కాదు, నష్టమును. అయినను పసిపిల్లవాడు పండుకొనునది దానిమీదనే గనుక మొగమాటము లేక చెప్పుచున్నాము. గిన్నెలు, కుర్చీలు, పలకలు కడిగి ఆరబెట్టి వాడుకొనవచ్చును. గోడలు లోపలినుండి ఆరుటకు వారములు పట్టును. అంతవరకు రంగులు వేయింపరాదు.

అంతస్తుల ఇండ్లలో మన పైకప్పు మరకకు మూలము పైవారి స్నానపుగది యగుట తరచుగా జరుగుచున్నది. ఇచ్చట చిక్కు శాస్త్రమునకు సంబంధించినది కాదు. పైవారు "మా ఇంట చుక్క కారుట లేదు" అందురు. అదియు నిజమే, వారికి కనబడదు. గొంతు పెంచుటకంటె పెన్సిలుగీతలను, తేదీలను చూపుట మేలని మా అనుభవము. వారు ఊరికి పోయిన వారము దినములు మరక పెరుగలేదని తేదీతో సహా చూపినపుడు మా బంధువులొకరి తగవు ఒక్క సాయంకాలములో తీరినది.

మా తల్లిగారి గది గోడను ఆరు వారములు ఆరనిచ్చి సున్నమే వేయించితిమి. దగ్గు తగ్గినది, వైద్యుడు మందుకూడ మార్చెను గనుక ఘనతయంతయు గోడకే ఇయ్యజాలము. పాత పెన్సిలుగీత ఉన్నచోట సున్నము వేయువాడు కుంచె యెత్తినపుడు, దానిని చెరుపవలదని ఆమెయే చెప్పెను. తేదీతో సహా అది ఇప్పటికిని అక్కడనే యున్నది.